కయాక్‌కి కన్నం పెట్టే ముందు

కొత్త కయాక్ గరాజ్‌లోకి వచ్చిన మొదటి శనివారమే డ్రిల్లు బయటికి తీసేవాళ్లు ఎక్కువ. ఆదివారం సాయంత్రానికల్లా గాలపు కర్రలు నిలబెట్టే రాడ్ హోల్డర్లు నాలుగు, నీటి అడుగునీ చేపల్నీ తెర మీద చూపే ఫిష్ ఫైండరు ఒకటి, కాఫీ కప్పు పెట్టుకునే రింగు బిగించేస్తారు. నీళ్లమీదికి వెళ్లాక తెలుస్తుంది అసలు సంగతి. కుడి హోల్డరుకి తెడ్డు వేసిన ప్రతిసారీ తగులుతుంది. ఫిష్ ఫైండరు తెర మీద ఎండ పడి ఏమీ కనబడదు. వెనక హోల్డరులో ఉన్న రాడ్డు అందాలంటే నడుం తిప్పాలి, తిప్పితే పడవ ఒరుగుతుంది. హోల్డరు విప్పి ఇంకోచోట పెట్టుకోవచ్చు గాని, పాత కన్నం అక్కడే ఉంటుంది.

చేపల వేటకి కయాక్‌ని తయారుచేసుకోవడంలో మనవాళ్ల వరస తలకిందులుగా ఉందని నా ఫిర్యాదు. ముందు చూసుకోవాల్సింది పడవ తేలడం, లంగరు, బరువు సర్దడం. రాడ్ హోల్డర్లు ఆ తర్వాత. ఫిష్ ఫైండరు ఇంకా తర్వాత. మోటారంటారా, నన్నడిగితే చాలామందికి అక్కర్లేదు. డాలస్ చుట్టుపక్కల లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే రాబర్ట్స్ లాంటి రిజర్వాయర్లలో లోపల కాక పైనే కూర్చునే పది పన్నెండడుగుల సిట్-ఆన్-టాప్ కయాక్ మీద క్యాట్‌ఫిష్‌కో, బాస్‌కో, క్రాపీకో వెళ్లేవాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. సముద్రం సంగతి వేరు, దాని జోలికి పోను.

విశాఖ తీరంలో పాత తెప్పల్ని చూసినవాళ్లకి సిట్-ఆన్-టాప్ కయాక్ వింతగా అనిపించదు. దుంగలు పక్కపక్కన చేర్చి తాళ్లతో కట్టిన తెప్ప మీద మనిషి కూర్చుంటాడు. అల మీదికొస్తుంది, సందుల్లోంచి కిందికి పోతుంది. కయాక్‌లో ఆ సందుల పని స్కప్పర్లది. కూర్చునే చోటునుంచి అడుగుదాకా నిలువునా ఉండే గొట్టాలవి. పోలిక అక్కడితో సరి. దుంగ లోపల కూడా దుంగే, కన్నం పడ్డా తెప్ప మునగదు. కయాక్ లోపల ఉన్నది వట్టి గాలి. పాలిథిలిన్ నీటికంటే తేలికే, కానీ ఆ తేడా చాలా తక్కువ. 60 పౌండ్ల పాలిథిలిన్ తన బరువు పోను మూడు నాలుగు పౌండ్లే మోస్తుంది. అల్యూమినియం కుర్చీ, బోల్టులు, బ్యాటరీ కలిపితే ఆ మిగులు ఎటూ చాలదు. పడవ కడుపులోకి తెరుచుకునే హ్యాచ్ మూత సరిగా పడకపోయినా, ఒక స్కప్పరు గోడ చిట్లినా, మీరు వేసిన కన్నంలోంచి నీరు కారినా, కడుపు నిండిన కయాక్ నీళ్లలో నిలువునా నిలబడుతుంది. దాని మీదికి మళ్లీ ఎక్కడం అయ్యే పని కాదు.

అందుకని నా లెక్కలో మొదటి ఖర్చు ఈత కొలనులో పిల్లలు ఆడుకునే ఫోమ్ నూడుల్స్. నాలుగడుగుల పొడవు, రెండున్నర అంగుళాల లావు, మధ్యలో అంగుళం బోలు ఉన్న నూడుల్ ఒక్కోటి దాదాపు 7 పౌండ్ల బరువుని తేలుస్తుంది. పది దూర్చితే 70 పౌండ్లు. అవి ఉన్నంత చోట నీరు చేరదు కాబట్టి లోపలికి వచ్చే నీరూ తగ్గుతుంది. ముందు హ్యాచ్‌లోంచి ముక్కు వైపు ఐదు, వెనక వైపు ఐదు బిర్రుగా దూర్చండి. వదులుగా వదిలేస్తే అన్నీ జారి ఒక పక్కకి చేరతాయి. చెయ్యి దూరి బోల్టు బిగించాల్సిన చోట్లు మాత్రం ఖాళీగా ఉంచుకోండి. ఇంకో లాభం కూడా ఉంది. కటింగ్ ప్లయరు జారి పడితే ఖాళీ కయాక్ డప్పులా మోగుతుంది, నూడుల్స్ ఉంటే ఆ మోత సగం అణుగుతుంది.

ఇక కన్నాల సంగతి. ఈ పడవల్లో ఎక్కువ భాగం పాలిథిలిన్‌ని అచ్చులో తిప్పుతూ కరిగించి పోసినవి. గోడ మందం పావు అంగుళానికి అటూ ఇటూ ఉంటుంది. ఆ ప్లాస్టిక్‌కి ఏదీ సరిగా అంటదు. ఎపాక్సీ ఆరాక గోటితో లేపితే పెళ్లలా ఊడొస్తుంది. సిలికాన్ కూడా పట్టుకోదు, రెండు వస్తువుల మధ్య నలిగి ఉన్నంతసేపే నీటిని ఆపుతుంది. కాబట్టి పట్టు ఎప్పుడూ బోల్టుదో రివెట్టుదో కావాలి, సీలెంటు పని నీటిని ఆపడం వరకే. ఈ ఒక్కటి తెలియక కన్నానికి నిండా సిలికాన్ పూసి మామూలు స్క్రూ బిగించేవాళ్లున్నారు. పావు అంగుళం ప్లాస్టిక్‌లో స్క్రూకి దొరికే పట్టు రెండు మూడు మరలే. పెద్ద చేప ఒక్క గుంజు గుంజితే హోల్డరు, రాడ్డు, రీలు కలిసి నీళ్లలోకి.

లోపల చెయ్యి దూరే చోటైతే వేరే ఆలోచన వద్దు. స్టెయిన్‌లెస్ బోల్టు, లోపలి వైపు వెడల్పాటి ఫెండర్ వాషరు, దాని మీద నైలాన్ రింగు వల్ల వదులు కాని నైలాక్ నట్టు. మంచినీటికి 304 రకం చాలు, ఉప్పునీటికి 316. స్టెయిన్‌లెస్ నట్టుని డ్రిల్లుతో వేగంగా తిప్పకండి. మర వేడెక్కి బోల్టుకి అతుక్కుపోతే ముందుకీ రాదు, వెనక్కీ రాదు, కోసెయ్యాల్సిందే. చెయ్యి దూరని చోట రెండే దారులు. ఒకటి ట్రై-గ్రిప్ రివెట్టు: లాగినప్పుడు దాని తోక మూడు రెక్కలుగా విచ్చుకుని లోపలినుంచి పట్టుకుంటుంది. మామూలు పాప్ రివెట్టు ఇక్కడ పనికిరాదు. దాని తోక చిన్నది, మెత్తటి ప్లాస్టిక్‌లోంచి ఊడొస్తుంది. రెండోది వెల్ నట్టు: ఇత్తడి మర ఉన్న రబ్బరు గొట్టం. బోల్టు బిగిస్తుంటే లోపల ఉబ్బి బిరడాలా కూర్చుంటుంది. 10-32 కొలత సన్న బోల్టు వెల్ నట్టుకి 3/8 అంగుళం కన్నం కావాలి, పావు అంగుళం బోల్టు దానికి అర అంగుళం. అతిగా బిగిస్తే ఇత్తడి ముక్క రబ్బరులోంచి విడిపోయి అక్కడే గిరగిరా తిరుగుతుంది, ఇక బిగియదు, ఊడదు. కప్పు రింగుకి వెల్ నట్టు పర్లేదు. రాడ్డు బరువు, చేప గుంజు పడే చోట బోల్టే పెట్టండి.

కన్నం వేసే తీరు ఇదీ. వేసే చోట మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గుర్తు పెట్టండి. టేపు లేకపోతే బిట్టు నున్నటి ప్లాస్టిక్ మీద జారుతుంది. బిట్టు కొసనుంచి అర అంగుళం దూరంలో ఇంకో టేపు ముక్క చుట్టండి. ఈ మెత్తటి ప్లాస్టిక్ ఒక్కసారిగా లొంగిపోతుంది. టేపు అడ్డు లేకపోతే పైగోడతో పాటు అడుగుకీ కన్నం పడుతుంది. మొదట 1/8 బిట్టు, తర్వాత అసలు కొలత, మెల్లగా. అంచున లేచిన పీచుని చాకుతో గీకెయ్యండి, అది ఉంటే సీలెంటు సమంగా కూర్చోదు. లోపల పడ్డ తురుము వాక్యూమ్‌తో లాగండి. కన్నం చుట్టూ మెరైన్ సీలెంటు పూసి, అది అంచుల్లోంచి కొంచెం బయటికి వచ్చేదాకా మాత్రమే బిగించి వదిలెయ్యండి. మర్నాడు సీలెంటు ఆరాక ఇంకో పావు చుట్టు. మొదటిరోజే పూర్తిగా బిగిస్తే సీలెంటంతా బయటికి నెట్టుకుపోయి మధ్యలో ఏమీ మిగలదు.

స్కప్పర్ల దరిదాపుల్లో కన్నం వద్దు. పైగోడ, అడుగు కలిసే చోటవి, బరువంతా అక్కడ పనిచేస్తుంది. పడవని ఒడ్డుదాకా లాక్కెళ్లే చక్రాల కార్ట్ కడ్డీలు స్కప్పర్లలో గుచ్చి, లంగరు, ఐస్ పెట్టె పడవలోనే ఉంచి, గులకరాళ్ల మీద ఈడ్చుకెళ్లడం కూడా అదే కోవ. స్కప్పరు గోడ ఎక్కువగా చిట్లేది ఆ పనివల్లే. పడవ అడుగుకి అడ్డంగా పట్టీలతో కట్టుకునే కార్ట్ కొనుక్కోండి.

కన్నం తప్పుచోట పడితే పొట్టి బోల్టు, రెండు వైపులా రబ్బరు వాషర్లు, సీలెంటుతో మూసెయ్యడం అన్నిటికంటే తేలిక. మామూలు లీనియర్ పాలిథిలిన్ అయితే అదే ప్లాస్టిక్ కడ్డీని వేడిగాలితో కరిగించి అతకొచ్చు. క్రాస్‌లింక్డ్ రకమైతే వేడికి కరగదు, కమురుతుంది.

లంగరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. దుకాణంలో 3 పౌండ్ల మడత లంగరు, దానితో పాటు తాడు కొనేస్తారు. కుర్చీ పక్కన, చేతికందే చోట తాడు నిలిపే కొక్కెం లాంటి క్లీటు ఒకటి బిగించి దానికి తాడు కట్టేస్తారు. పడవ బోల్తా కొట్టడానికి ఇంతకంటే దగ్గరిదారి లేదు. పక్కనుంచి లంగరేస్తే గాలికీ ప్రవాహానికీ పడవ అడ్డంగా నిలుస్తుంది. తాడు ఆ పక్కని కిందికి గుంజుతుంది, అటునుంచే అల తగులుతుంది. మన రిజర్వాయర్లలో ప్రవాహం లేదు కదా అనుకోవద్దు. వసంతంలో దక్షిణపు గాలి గంటకి 20 మైళ్లు వీచే రోజులు బోలెడు. శని ఆదివారాల్లో వేక్ బోట్లు లేపే అలలు వాటికి తోడు.

దీనికి మందు లంగరు ట్రాలీ. ముక్కు దగ్గర ఒక కప్పీ, వెనక కొసన ఒక కప్పీ, రెంటి మధ్య గొలుసుకట్టుగా తిరిగే తాడు, ఆ తాడుకి ఒక ఉంగరం. లంగరు తాడు ఉంగరంలోంచి పోయి నీళ్లలోకి దిగుతుంది, ఇవతలి కొస మీ పక్కన క్లీటులో ఉంటుంది. లంగరు దించాక ట్రాలీ తాడు లాగి ఉంగరాన్ని ముక్కుకో వెనక కొసకో పంపుతారు. పడవ గాలికి నిలువుగా సర్దుకుంటుంది. 12 అడుగుల పడవకి చుట్టు తాడు 24 అడుగులు, ముళ్లతో కలిపి 30 కొనండి. పారాకార్డ్ చవకే గాని నైలాన్ తడిస్తే సాగి వేలాడుతుంది. 4 మిల్లీమీటర్ల పాలియెస్టర్ తాడు మేలు. ఒక కప్పీని చిన్న బంగీ ముక్కతో కడితే తాడు ఎప్పుడూ బిగువుగా ఉంటుంది. ముచ్చటేమిటంటే కప్పీలని పడవ మోసే పిడులకే క్యారబినర్లతో తగిలించొచ్చు. కన్నాలు కావాల్సింది క్లీటుకొక్కదానికే.

తాడు పొడవు విషయంలో పిసినారితనం పనికిరాదు. నీటి లోతు 15 అడుగులైతే 20 అడుగుల తాడు చాలనుకుంటారు. లంగరు రెక్కలు మట్టిలో దిగాలంటే తాడు దాన్ని నేలబారుగా లాగాలి. పైకి లాగితే లంగరు గెంతుకుంటూ వస్తుంది. లోతుకి మూడింతలు కనీసం, గాలి ఉంటే ఐదింతలు. అంటే 15 అడుగులకి 45 నుంచి 75. లంగరుకీ తాడుకీ మధ్య రెండడుగుల గొలుసు వేస్తే నేలబారు లాగుడు ఇంకా మెరుగవుతుంది.

రే రాబర్ట్స్‌లోనో, తూర్పున లేక్ ఫోర్క్‌లోనో నీట మునిగిన చెట్ల మధ్య లంగరేస్తే అది కొమ్మల్లో ఇరుక్కోకుండా ఉండదు. అందుకని గొలుసుని లంగరు పైనున్న కంతకి కట్టకండి. అడుగున రెక్కలు కలిసే చోట కట్టి, కాడ పొడవునా పైకి తెచ్చి, పైనున్న కంత దగ్గర ఒక సన్నటి జిప్ టైతో నిలపండి. మామూలుగా లాగితే లంగరు మామూలుగానే పనిచేస్తుంది. ఇరుక్కున్నప్పుడు గట్టిగా గుంజితే జిప్ టై తెగి, లాగుడు అడుగునుంచి మొదలై, లంగరు వెనక్కి ఊడొస్తుంది. పది జిప్ టైలు పెట్టెలో పడేసుకుంటే సరి. తాడు కొసకి ఒక చిన్న బెండు కట్టండి. స్పీడ్ బోటు మీదికొస్తుంటే తాడు వదిలేసి పక్కకి తప్పుకుని, తర్వాత బెండు దగ్గరికి వెళ్లి తీసుకోవచ్చు. అసలు నీళ్లలోంచి కొమ్మ పైకి ఉంటే లంగరెందుకు, బ్రష్ క్లాంపుతో కొమ్మనే పట్టుకోండి.

బరువు లెక్క కాగితం మీద వేసుకోండి. పడవ మీద 350 పౌండ్ల సామర్థ్యం అని ఉంటే, అందులో 70 శాతం దాటకుండా ఉంచడం చాలామంది పాటించే కొలత. అంటే 245. మనిషి 175 అయితే మిగిలేది 70. గాలాలు, ఎరలు ఉన్న క్రేటు 15, లంగరు సరంజామా 6, బ్యాటరీ ఫిష్ ఫైండరు 8, నీళ్లూ ఐసూ ఉన్న పెట్టె 20, తెడ్డు, లైఫ్ జాకెట్టు 6, కార్ట్ 9. మొత్తం 64. ఇంకా ఒక్క చేప కూడా పడలేదు. కార్ట్ కారులో వదిలెయ్యాలన్న జ్ఞానోదయం ఈ లెక్క దగ్గరే అవుతుంది.

ఎంత బరువన్నది ఒక ఎత్తు, ఎక్కడ పెట్టారన్నది ఇంకో ఎత్తు. క్రేటు, బ్యాటరీ, ఐస్ పెట్టె అన్నీ కుర్చీ వెనకే చేరతాయి. అలా వెనక దిగిన పడవకి ముక్కు లేస్తుంది, గాలి దాన్ని పట్టుకుని తను వీచే వైపు తిప్పుకుపోతుంది. గాలికి ఎదురు తొయ్యాలంటే ఒకే పక్క తెడ్డు వేస్తూ చేతులు పడిపోతాయి. ముందు బరువెక్కువైతే తద్విరుద్ధంగా వెనక కొస కొట్టుకుపోయి ముక్కు గాలిలోకే తిరుగుతుంది. గాలి లేని పొద్దున సామానంతా వేసుకుని కూర్చుని, ఒడ్డునుంచి ఒకరిని పక్కవాటంగా ఫొటో తియ్యమనండి. నీటి గీత వాలుగా కనిపిస్తే ఐస్ పెట్టెని ముందు హ్యాచ్ మీదికి జరపండి. చుక్కాని కొనే ముందు ఈ పని చేసి చూడండి, ఖర్చు లేదు.

ఇక రాడ్ హోల్డర్లు. ఎక్కడ పెట్టాలన్నది గరాజ్‌లో నేలమీద తేలే విషయం కాదు. హోల్డరు పెట్టాలనుకున్న చోట నీలం టేపు అంటించి ఐదారు సార్లు నీళ్లమీదికి వెళ్లి రండి. తెడ్డు తగిలిన చోట టేపు లేచిపోతుంది, చెయ్యి చేరని చోటేదో మీకే తెలుస్తుంది. ఈమధ్య వచ్చే పడవలకి రెండు పక్కలా ట్రాక్‌లు, అంటే గాడి ఉన్న పట్టీలు, ఫ్యాక్టరీలోనే బిగించి వస్తున్నాయి. అవి ఉంటే టీ-బోల్టుతో దిగే హోల్డరు కొనండి, కన్నం గొడవే లేదు. వెనకవైపు రాడ్లకి 13 అంగుళాల చదరపు పాల క్రేటుని మించింది రాలేదు. ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు అడుగు పొడవున కోసి, పై అంచున స్పిన్నింగ్ రీలు కాడ దిగేలా ముప్పావు అంగుళం వెడల్పు, రెండంగుళాల లోతు గాడి తియ్యండి. కింద ఒకటి, పైన ఒకటి జిప్ టైలు. ఒక్క టైతో కడితే పైపు లోలకంలా ఊగుతుంది. డెయిరీ పేరున్న క్రేటు రోడ్డు పక్కన దొరికింది కదా అని తెచ్చుకోకండి, అది వాళ్ల సొత్తు. దుకాణాల్లో కొత్తది దొరుకుతుంది. రాడ్లు రెండు చాలు, మూడు ఎక్కువ.

ఫిష్ ఫైండరుకి ట్రాన్స్‌డ్యూసరు, అంటే శబ్దాన్ని పంపి ప్రతిధ్వని వినే ముక్క, లోపలే, అడుగుకి ఆనించి పెట్టొచ్చు. శబ్దం ఒంటిపొర పాలిథిలిన్‌లోంచి దూరిపోతుంది, గాలిలోంచే దూరదు. ముందు పరీక్ష చెయ్యండి: ట్రాన్స్‌డ్యూసరుని నీళ్లు నింపిన జిప్‌లాక్ సంచిలో పెట్టి, అడుగు తడిపి, దాని మీద ఆనించి లోతు వస్తుందో లేదో చూడండి. వస్తే ఎలక్ట్రీషియన్లు వాడే డక్ట్ సీల్ అనే బూడిదరంగు ముద్దని చపాతీ పిండిలా పిసికి, మధ్యలో గాలి బుడగ లేకుండా పరిచి అందులో నొక్కండి. తెర మీద అడుగు గీత మాయమవుతుంటే పదింట తొమ్మిదిసార్లు కారణం బుడగే. ఇలా పెడితే నీటి ఉష్ణోగ్రత సరిగా రాదు, పడవకి రెండు పక్కలా ఉన్నది బొమ్మగా చూపే సైడ్ ఇమేజింగ్ పనిచెయ్యదు. ఆ బొమ్మలు కావాలంటే ట్రాన్స్‌డ్యూసరు నీళ్లలో ఉండాల్సిందే. 20 డిగ్రీల కోణం ఉన్న కిరణం 20 అడుగుల లోతులో చూపించేది 7 అడుగుల వలయమే. దాన్ని చూసి చెరువంతా చూసినట్టు ధీమా పడేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది.

అయిదంగుళాల తెర సుమారు అర ఆంపియరు తాగుతుంది. 7 ఆంపియర్-గంటల లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంటే ఏడు గంటలు. 5 పౌండ్ల ఆ బ్యాటరీ బదులు రెండున్నర పౌండ్ల 10 ఆంపియర్-గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెడితే పదిహేను గంటలు దాటుతుంది. కాకపోతే దాని వోల్టేజి చివరిదాకా తగ్గినట్టే కనబడదు, ఉన్నట్టుండి ఆగిపోతుంది. జనవరిలో గరాజ్ గడ్డకట్టే చలిలో ఉన్నప్పుడు దాన్ని చార్జింగులో పెట్టకండి, పాడవుతుంది. ప్లస్ తీగకి 3 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీనుంచి జానెడు లోపే ఉండాలి. తెర దగ్గర పెడితే మధ్యలో తీగ ఒరుసుకున్నప్పుడు ఆ ఫ్యూజు ఉన్నా లేనట్టే.

మోటారు మీద నా అభ్యంతరం లెక్కలోనే ఉంది. పడవ నీటిగీత పొడవుకి వర్గమూలం కట్టి 1.34తో గుణిస్తే వచ్చే నాట్లకి (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) మించి ఇలాంటి పడవ తేలిగ్గా పోదు. 11 అడుగులకి నాలుగున్నర నాట్లు. 30 పౌండ్ల థ్రస్ట్ (తోపుడు బలం) ఉన్న మోటారు దాని దరిదాపులకి తీసుకెళ్తుంది. 55 కొన్నా పెరిగేది వేగం కాదు, లేచే అల. ఆ 55 పౌండ్ల మోటారు పూర్తిగా తిప్పితే 50 ఆంపియర్లు లాగుతుంది. దానికి తగ్గ బ్యాటరీ, బ్రేకరు, లావు తీగలు కలిపితే పైన వేసిన 70 పౌండ్ల లెక్క చిరిగిపోతుంది. పైగా టెక్సస్‌లో తెడ్డు కయాక్‌కి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చిన్న ఎలక్ట్రిక్ మోటారు తగిలించినా టైటిలూ రిజిస్ట్రేషనూ కావాలి.

అన్నీ బిగించాక ఒక్క పని మిగులుతుంది. జూన్‌లో నీళ్లు వెచ్చబడ్డాక, ఛాతీ లోతులో, పక్కన ఒకరిని నిలబెట్టుకుని, పడవని కావాలనే తిరగెయ్యండి. రాడ్లూ ఫిష్ ఫైండరూ ఒడ్డున పెట్టి, వాటి బదులు అంతే బరువున్న నీళ్ల సీసాలు కట్టండి. లైఫ్ జాకెట్టు ఒంటి మీద ఉండాలి, కుర్చీ వెనక కట్టింది లెక్కలోకి రాదు. తాడు కోసే చాకు, ఈల జాకెట్టుకే ఉండాలి. ఏవేవి విడిపోయి తేలుతూ పోయాయో వాటికి లీషు, అంటే పడవకి కట్టే తాడు, కావాలి. ఏ లీషు కాలికి చుట్టుకుందో దాన్ని కురచ చెయ్యాలి. తర్వాత పడవని నిలబెట్టి, పక్కనుంచి పొట్ట మీద పాకుతూ ఎక్కండి. ఎక్కేటప్పుడు డొక్కలో ఏ హోల్డరు గుచ్చుకుందో ఇంటికెళ్లగానే ముందు దాన్ని విప్పండి.